జెల్మీరా నీలం కార్డు

రెండో వాయి దుప్పట్లు డ్రయ్యర్‌లోంచి తీసేసరికి జెల్మీరా నడుము పట్టేసింది. గోడకు ఆనుకుని కాసేపు నిలబడి, వేడి దుప్పటి అంచును గడ్డం కింద అదిమిపట్టి మడతపెట్టడం మొదలుపెట్టింది. పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం దిట్టంగా ఉంటాయి. సబ్బునీళ్లకు నాని వేళ్ల కొసలు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడే ఉంటాయి. ఇంగ్లండ్‌లో కెటరింగ్ అనే ఊళ్లోని ఈ వృద్ధాశ్రమంలో బట్టలుతికే గది చాలా ఏళ్లుగా ఆమెదే.

ఈ దేశంలో ఉండిపోవడానికి లండన్ నుంచి అనుమతి వస్తే రేపూ ఇదే గది. రాకపోతే సాయంత్రం సొంత దేశం స్లొవేకియాకు బస్సు. టికెట్ ముందే కొని పెట్టుకుంది. మంచి కబురొస్తే దాన్ని వదులుకోవడానికి ఆమెకేం బాధ లేదు.

ఆమె కొంప ముంచింది ఆమె జాగ్రత్తే. బ్రిటన్ యూరప్ నుంచి విడిపోవాలని ఓటు పడగానే, తోటివాళ్లు చూద్దాంలే అని కూర్చుంటే, ఆమె జీతం చీటీలూ అద్దె రసీదులూ పోగేసి, దరఖాస్తు పెట్టి, 'శాశ్వత నివాసం' అని రాసి ఉన్న నీలం కార్డు తెచ్చుకుంది. తర్వాత ప్రభుత్వం యూరప్ వాళ్లంతా కొత్తగా నమోదు చేసుకోవాలని గడువు పెట్టింది. అది కార్డు లేనివాళ్లకని తను ఊరుకుని, కూతురు డారినాను మాత్రం నమోదు చేసుకోమని తరిమింది. కూతురు ఫోన్‌లోనే పని ముగించుకుంది. శాశ్వతం అని రాసిన కార్డు చెల్లకుండా పోతుందని ఎవరికి తడుతుంది? ఆశ్రమం చేతులు మారి, కొత్త యజమానులు ఎవరెవరికి ఇక్కడ పనిచేసే హక్కుందో సరిచూసినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. ఆలస్యంగా పెట్టిన దరఖాస్తును లండన్ ఆఫీసువాళ్లు కాదనలేదు, అసలు తీసుకోనే లేదు. కాదంటే కదా అప్పీలు చేసుకోవడానికి! మళ్లీ పెట్టింది. దాని జవాబు కోసమే ఈ ఎదురుచూపు.

తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది. ఎడ్విన్ గారు, ఒకప్పటి రైల్వే గార్డు.

"నా పచ్చ స్వెట్టర్ మింగేశావా అమ్మాయ్?"

"మీ ఒంటిమీదే ఉంది ఎడ్విన్ గారూ."

ఆయన కిందికి చూసుకున్నాడు. "దొంగముండ! చెప్పకుండా ఎక్కింది. రేపు నా పక్క నువ్వే వెయ్యి. ఆ కొత్తపిల్ల వేస్తే పొట్లం కట్టినట్టుంటుంది."

"అలాగే," అంది. అబద్ధమో కాదో ఆమెకే తెలియదు.

మధ్యాహ్నం టీ వేళకు డారినా ఫోన్ చేసింది.

"అమ్మా, వచ్చింది."

"ఊఁ."

"మళ్లీ అదే. తీసుకోలేదు. ఆ కార్డు చాలనుకున్నానంటే కుదరదంట." డారినా ముక్కు ఎగబీల్చింది. "ఆ రోజే నీది కూడా చేసి పడెయ్యాల్సింది, నేనే..."

"నన్ను ఒప్పించగలిగేదానివా నువ్వు? ఏడవకు. మిషన్ ఆగింది, ఉంటా."

మిషన్ నిజంగానే ఆగింది. తడి బట్టలు బుట్టలోకి లాగింది. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు. ఒట్టి అలసట వచ్చింది, ఇన్నేళ్లు ఉతికిన దుప్పట్ల బరువంతా ఒకేసారి భుజాల మీద పడ్డట్టు. ఉండిపోవాలని ఎంత గట్టిగా కోరుకుందో అప్పుడే తెలిసింది.

పని ముగిసే వేళకు మేనేజర్ జానిస్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా చేతుల్లో ఏముంది చెప్పు, జెల్మీరా? రేపు నిన్ను పనిలో ఉంచుకుంటే కొత్త యజమానులు నన్ను బతకనివ్వరు."

"తెలుసులే. ఎడ్విన్ గారి దుప్పటి మూలలు లోపలికి దోపనివ్వకు. ఆయన కాళ్లు ఇరుక్కుంటాయి."

జానిస్ ముందుకొచ్చి కౌగిలించుకుంది. జెల్మీరా తడి చేతులు ఆమె కోటుకు తగలకుండా ఎడంగా పట్టుకుంది.

సాయంత్రం వాన పడుతోంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. డారినా కింద నిలబడి ఏదో చెబుతోంది, అద్దం వెనక వినపడలేదు. వినపడినట్టే తల ఊపింది జెల్మీరా. బస్సు కదిలింది.

డారినా ఒక్కతే ఇంటికొచ్చి తలుపు తీసింది. స్లొవాకులెవరూ బయటి బూట్లతో ఇంట్లో తిరగరు. ఆమె వంగి లేసులు విప్పుకుంటూ ఆగిపోయింది. గోడ వారన అమ్మ గళ్ల చెప్పులు, మడమల దగ్గర అరిగిపోయి, పని నుంచి రాగానే కాళ్లు దూర్చుకునేందుకు వీలుగా, ఇంట్లోకి తిరిగి ఉన్నాయి.