దారిన పోయేవాడు కాదు

నిన్న వంతెన దగ్గర కాల్చి చంపిన మా అన్నయ్యను మార్చురీ నుంచి తెచ్చుకోవాలి. చీకటి పడితే రోడ్లు మూసేస్తారు కాబట్టి ఆలోపే తేవాలి. తన తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి. అమ్మ చేత రెండు ముద్దలైనా తినిపించాలి. తను పనిచేసిన పత్రికకు ఫోన్ చేయాలి. వీటన్నిటికంటే ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, అధికారి చెప్పమన్నది కెమెరా ముందు చెప్పాలి. చెబితేనే శవాన్ని ఇస్తారట.

స్టేషన్‌లో మమ్మల్ని కూర్చోమనలేదు. అమ్మ గోడకు ఆనుకుంది. మామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవరణలో అన్నయ్య బండి ఒరిగి పడి ఉంది.

"బండి మీద ప్రెస్ స్టిక్కర్ ఏదమ్మా?" అన్నాడు అధికారి. "లేదుగా! మరి విలేకరని మాకేమన్నా కలొస్తుందా? దారిన పోయేవాడు, కాల్పుల మధ్యలో పడ్డాడు. అంతే."

స్టిక్కర్ సీటు కింద ఉంది. వంతెన దగ్గర దాన్ని ఊడదీసి సీటు కింద అంటించుకోవడం, పనయ్యాక మళ్లీ ముందు అంటించడం ఇక్కడి విలేకరులందరికీ అలవాటు. "ఒకప్పుడు దాన్ని చూసి వదిలేసేవాళ్లు, ఇప్పుడు దాన్ని చూసే గురిపెడుతున్నారు. పీకీ అంటించీ జిగురు కూడా చచ్చిందే" అని నవ్వేవాడు అన్నయ్య.

"సీటు తీసి చూడండి సార్" అన్నాను.

"నాకే పని చెప్తున్నావా?"

మామయ్య నా మోచెయ్యి గిల్లాడు. "నోర్ముయ్యవే. వాడి నోటిదురుసు వాణ్ణి తినేసింది. ఇక నీది మొదలా?"

కానిస్టేబుల్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "చదువుకున్నదానివటగా, నువ్వే చెప్పు" అన్నాడు అధికారి. "మీ అమ్మ ఏడుపులో మాట తెలీదు."

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. వార్త పంపేముందు అన్నయ్య నాకిచ్చేవాడు, నేను తప్పులు దిద్దేదాన్ని. "అక్షరాలు దిద్దు తల్లీ, నిజం జోలికి మాత్రం పోకు" అనేవాడు.

"మా అన్నయ్య విలేకరి..." అని మొదలుపెట్టాను.

"ఆపు! ఆ మాట అనొద్దన్నానా? మళ్లీ."

"మా అన్నయ్య పని మీద వెళ్తూ..."

"పనీ లేదు, గినీ లేదు. దారిన పోతున్నాడు. ఎవరి మీదా అనుమానం లేదు. అదీ చెప్పు." అధికారి కిటికీలోంచి పొద్దు ఎంత ఉందో చూశాడు. "నాకేం తొందర లేదు. మార్చురీలో కరెంటు ఎప్పుడు పోతుందో మాత్రం నేను చెప్పలేను."

అమ్మ గోడ వదిలి వచ్చి నా భుజం పట్టుకుంది. "చెప్పెయ్యవే. పోయినవాడికి పేరెందుకు? నా బిడ్డను నాకిప్పించు."

చెప్పాను. ఒక్క తప్పు లేకుండా, తడబడకుండా చెప్పాను.

"చూశారా, చదువంటే ఇదీ!" అన్నాడు అధికారి, కానిస్టేబుల్ వైపు తిరిగి.

చీకటి పడకముందే అన్నయ్య ఇంటికొచ్చాడు. బండి మాత్రం ఇవ్వలేదు.

ఆ వీడియో ఇప్పుడు అందరి ఫోన్లలో తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో మాట్లాడుతున్నది నేనే. నేను చెప్పింది మరచిపోండి. మా అన్నయ్య దారిన పోయేవాడు కాదు. వంతెన అవతల ఇళ్లను ఎవరు తగలబెట్టారో రాయడానికి వెళ్లిన విలేకరి. దయచేసి తనను అలాగే గుర్తుంచుకోండి.