కొమ్మలు నరికిన నేరం

షావుకారు గోదాము దగ్గర కంపెనీవాళ్లు మా అత్త మూటల్ని కాంటా మీద నుంచి దింపేశారు. దింపడమంటే చేత్తో కాదు, కాలితో తోసేశారు. ఒక గోనె కుట్టు ఊడి కాఫీ గింజలు బురదలోకి దొర్లాయి. ఒక్కో పండూ చేత్తో కోసి, ఎండబెట్టి, తిరగేసి, ఏరిన గింజలవి. వెనకాల మూటలతో వరసలో నిలబడ్డ మా అందరికీ ఒళ్లు మండింది.

కాఫీ కొనే ఆ కంపెనీ ఆఫీసర్ని మేం ఫోన్‌బాబు అనేవాళ్లం. ఫోన్ లోంచి తలెత్తి మనిషి మొహం చూసిన పాపాన పోలేదు మరి. ఆ ఫోన్‌నే అత్త ముందు పెట్టాడు. అందులో ఆకాశం నుంచి తీసిన కొండ ఫొటో ఉంది. షావుకారు తోటకి పచ్చరంగు వేశారు, మా తోటలకి ఎర్రరంగు. సముద్రం అవతల దేశాలు కొత్త చట్టం చేశాయట. ఫలానా తేదీ తర్వాత అడవి నరికి పండించిన సరుకును వాళ్ల రేవుల్లో దిగనివ్వరట. మీరు అడవి నరికారు, మీ సరుకు చెల్లదు అన్నాడు.

అడవి నరకొద్దంటే మాకేమన్నా బాధా? అడవి పోతే ముందు ఎండేది మా ఊటలే. కానీ మీలో చదువుకునేవాళ్లున్నారు, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లున్నారు, మా పని సంగతి మీకు తెలియకపోవచ్చు, వినండి. కాఫీ మొక్కకు నీడ కావాలి. అందుకే మా పెద్దలు పెద్ద చెట్లను ఉంచి వాటి కిందే తోటలు వేశారు. పూత వానలకు ముందు ఏటా ఆ చెట్లెక్కి కొమ్మలు నరుకుతాం. వెలుతురు కిందికి దిగకపోతే పూత రాదు, ఆకుకు తెగులు పడుతుంది. కొన్నాళ్లకే చిగుళ్లు మళ్లీ కమ్ముకుంటాయి. వాళ్లు ఫొటో తీసింది సరిగ్గా కొమ్మలు నరికిన వారంలో. పైనుంచి చూసినవాడికి గుండు కనిపించింది.

ఎదుటి కొండ షావుకారుది. అక్కడ నీడకి ఒక్క చెట్టు లేదు. ఎప్పుడో మొదలంటా నరికించి, కలప అమ్ముకుని, ఎండలోనే కాఫీ వేశాడు. అయితే ఆ నరుకుడంతా చట్టంలో పెట్టిన తేదీకి ముందే అయిపోయింది. కాబట్టి ఆయన శుద్ధుడు. చెట్లు కాపాడినవాళ్లం మాత్రం దొంగలమయ్యాం.

షావుకారు అక్కడే ఉన్నాడు, మొహం నిండా జాలి పులుముకుని. నా తోట సరుకని రాయించి నేనే కొంటాలే, కాకపోతే సగం ధరకి, మీరంతా నావాళ్లే కదా అన్నాడు. నిరుడు కొందరు అలాగే అమ్మారు, మా చిన్నమామ కూడా. ఈ ఏడు సర్వేవాళ్లు దిగి, పంట షావుకారు పేరున పోయింది గనక భూమీ ఆయనదే, నువ్వు కౌలుదారువి అని చిన్నమామకి చెప్పారు. అమ్మింది పంట, పోయింది తోట. ఇప్పుడు అత్త వంతు.

అత్త బురదలోంచి గింజలు ఏరి మూట కట్టుకుంది. "నేనమ్మను" అంది.

ఆ సాయంత్రం గింజలు ఆరబెట్టే గచ్చు మీద మీటింగు పెట్టుకున్నాం. మీటింగంటే అరుచుకోవడమే. అసలు ఎవర్ని అడగాలో తేలలేదు. షావుకారు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ చట్టాన్ని చూపిస్తుంది, ఆ చట్టం సముద్రం అవతల ఉంది. తిడదామన్నా ఎదురుగా మనిషి లేడు. ఒకాయన ఈ ఏడు కొమ్మలు నరకడం మానేద్దాం, ఫొటో పచ్చగా వస్తుందన్నాడు. పూత రాకపోతే ఫొటో వండుకు తింటావా అని వాళ్లావిడే కసిరింది. నవ్వే ఓపిక కూడా ఎవరికీ లేదు. చివరికి పొద్దున్నే గోదాము గేటు దగ్గర కూర్చుని సరుకు కదలనివ్వకూడదనుకున్నాం.

హమాలీలు కూడా వచ్చారు. షావుకారు గోదాములో మూటలు మోసేవాళ్లకీ మాకూ ఎన్నాళ్లుగానో పడదు. వాళ్ల మేస్త్రి లేచి మొహం మీదే అన్నాడు.

"మీరు సరుకు ఆపితే లారీ ఆగుతుంది. లారీ ఆగితే మా ఇళ్లల్లో పొయ్యి వెలగదు. మీకు తోటన్నా ఉంది. మాకేముంది, వీపు తప్ప?"

అత్త మెల్లగా అడిగింది, నిరుడు తన మరిది, అదే మా చిన్నమామ, మూటల మీద ఎవరి ముద్ర వేశారని. షావుకారుదే అన్నాడు మేస్త్రి.

"ఆయన కొండ మీద అన్ని మూటలు పండుతాయా అన్నా? లారీ నిండేది మా గింజలతో, ఎక్కేది మీ వీపుల మీద. ఇద్దరం చెయ్యి తీసేస్తే ఆయన దగ్గర ఆ ముద్ర తప్ప ఏం మిగులుతుంది?"

చూద్దాం అని లేచి వెళ్లిపోయాడు మేస్త్రి. నాకైతే నమ్మకం కుదరలేదు.

పొద్దున్నే గోదాము గేటుకి అడ్డంగా కూర్చున్నాం. లోడు ఎక్కించమని షావుకారు కేకేశాడు. మేస్త్రి మూట ఎత్తుకుని లారీ దాకా వచ్చాడు. మా వైపు చూశాడు. మూట నేల మీద పెట్టి, వచ్చి అత్త పక్కన చతికిలబడ్డాడు. వెనకున్నవాళ్లూ ఒక్కొక్కరే మూటలు దించారు.

ఫోన్‌బాబు బయటికొచ్చాడు. మేం అడిగింది ఒక్కటే. కొండెక్కి రా, తోటలన్నీ తిరుగు, మొదలంటా నరికిన చెట్టు ఒక్కటి చూపించు. ఎక్కనక్కర్లేదు, ఫొటో ఉందిగా అన్నాడు. ఆ తర్వాత వచ్చింది పోలీసులు. లాఠీలు లేచాయి. అత్తను రెక్క పట్టి ఈడ్చి జీపెక్కించారు. గేటుకి అడ్డం కూర్చున్నందుకు కాదట, అడవి నరికినందుకట. సాక్ష్యం ఆ ఫొటోనే.

"అమ్మాయ్, పూత వాన దగ్గర పడింది. పని ఆపకండి" అంది అత్త జీపులోంచి.

ఏడుపు రాలేదు నాకు, కోపం వచ్చింది. అందరికీ అదే వచ్చింది. మర్నాడు కొడవళ్లు తీసుకుని పట్టపగలు కొండెక్కాం, ముందు అత్త తోటకే. తోట పోగొట్టుకున్న చిన్నమామ అందరికంటే ఎత్తుకెక్కాడు. హమాలీలకు చెట్లెక్కడం రాదు, తెగిన కొమ్మలు లాగి కుప్పలేశారు. అత్త తోటలోకి ఎండ దిగాక పక్క తోటకి, ఆపైన దాని పక్క తోటకి వెళ్లాం.

ఎస్సై రొప్పుకుంటూ కొండెక్కి వచ్చాడు. ఇక్కడ చెట్లు నరుకుతున్నదెవరని అడిగాడు. నేనంటే నేనని ప్రతి చెట్టు మీద నుంచీ జవాబొచ్చింది. కొమ్మలు నరకడం నేరమైతే మా అత్తతో పాటు మమ్మల్నీ లోపలెయ్యమని నేనన్నాను.

ఎస్సై పైకి చూశాడు, కింద ఆపిన జీపు వైపు చూశాడు. మేస్త్రి చేతిలోని కొమ్మ కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఇంతమందికి ఒక్క జీపేం సరిపోతుంది సార్? షావుకారు లారీలు గేటు దగ్గర ఖాళీగానే ఉన్నాయి, తెప్పించుకోండి."