కొత్తల పండుగకు ముందు కూర

ఇర్మె ఎడమచేత్తో ఆకులను పక్కకు నెట్టి, మొక్క మొదలు రెండువేళ్లతో పట్టి, వేరు తెగకుండా లాగింది. గునుగు కలుపును పూత పట్టకముందే పీకాలి. కంకి ఎండి గింజ రాలిందా, మరుసటేడు మడంతా అదే. కోంటలో సంస్థానం వారి బంగళా వెనక, తోటకూర మళ్లలో, మొగుడు పోయిన ఏటి నుంచీ ఆమె చేస్తున్న పని ఇది. నడుము వంగిపోయింది. గోళ్ల సందుల్లో నల్లమట్టి ఏ నీళ్లకూ పోదు.

లేతప్పుడు గునుగూ తోటకూరా ఒకేలా ఉంటాయి. గునుగు ఆకు కాస్త సన్నం, అంతే. నిరుటిదాకా ఆ సన్నం కంటికి ఆనేది. ఈ వానలకు కళ్లముందు పొగ కమ్మినట్టుంది.

పీకినదాన్ని ముఖం దగ్గర పెట్టుకుంది. గునుగేనా? మరి ఇందాక పీకినవి? కుప్ప వైపు చూడటానికే భయం వేసింది.

"ఏంది ఇర్మక్కా, కోడలిపిల్లను ఎంచినట్టు ఎంచుతున్నవు?" అన్నాడు తోటమాలి ఉప్పలయ్య. "రేపు బంగళా సాబు వత్తడు. మడి పాడైతే ముందు నిన్నే పొమ్మంటడు."

"రెండూ ఒక్కతీరుగనే అగుపడుతున్నయి తమ్మీ."

"నోట్లేస్కో. చేదుంటే గునుగు. ఇంతదానికి బేజారేంది?"

"కొత్తల పండుగ గాలే. వేలుపుకు పెట్టకుండ కొత్త కూర నోట్ల ఎట్ట పెడత?"

"ఎవరు చూత్తరక్కా?"

"నా నోటికి ఎరుక గాదా?"

ఉప్పలయ్య నవ్వుకుంటూ బావి వైపు వెళ్లాడు. ఆమె ఒక ఆకు తుంచి పెదవుల దాకా తెచ్చింది. దింపేసింది. ఆ తర్వాత వేళ్లకు ఎలా తోస్తే అలా పీకింది. ఒకటి పీకి, ఒకటి వదిలి, వదిలినదాన్ని మళ్లీ తడిమి.

పొద్దు వాలాక ఉప్పలయ్య వచ్చి మడి చూశాడు. ఏదో హాస్యమాడబోయి ఆగిపోయాడు. గునుగు నిటారుగా నిలబడి ఉంది. తోటకూర కుప్పలో పడి ఉంది.

"గునుగే మిగిలిందా తమ్మీ?"

ఆయన కుప్ప పక్కన కూర్చున్నాడు. కుప్పలోంచి తోటకూర ఏరి, నారతో కట్ట కట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగ ఇంటికాడ ఉండక్కా. ఇది వండుకో."

పొద్దున ఆమె చెప్పిన పండుగ మాట ఆయనకు గుర్తులేదు. ఇర్మె కట్టను రెండు చేతులా పట్టుకుని తలూపింది.

ఉప్పలయ్య తనే మడిలోకి దిగి గునుగు పీకసాగాడు. తలెత్తేసరికి ఆమె లేదు. కంచె పక్కన రాతిమీద తోటకూర కట్ట ఉంది. సన్నగా వాన మొదలైంది. ఆకులు ఇప్పుడే కోసినంత పచ్చగా ఉన్నాయి.