బెంజ్ సర్కిల్ కన్ను

శాలువా కప్పుతామంటే వణికిపోయే మనిషిని ఎక్కడైనా చూశారా? బసవపున్నయ్యని చూస్తే చాలు. వేదిక మీద నాలుగో కుర్చీలో కూర్చుని, ఏసీ హాల్లో కూడా చెమటలు కక్కుతున్నాడు.

సభ వెంకటకృష్ణారావుగారి జ్ఞాపకార్థం. ఆయన పోయి నెల కాలేదు. పద్నాలుగేళ్లు పొద్దున్నే ఎనిమిదింటికి విజయవాడకి ఎఫ్ఎంలో ట్రాఫిక్ చెప్పిన మనిషి. "బందరు రోడ్డు మీదున్నవాళ్లూ, కాస్త ఆగి కాఫీ తాగి బయల్దేరండి బాబూ, కొంపలేం మునగవు" అని ఆయనంటే ఆటోవాళ్లు నిజంగానే ఆగి తాగేవారు. గడప దాటని ముసలమ్మలు కూడా వినేవారు. వాళ్లకి ట్రాఫిక్‌తో ఏం పనండీ? ఆ గొంతు వినకపోతే వాళ్లకి తెల్లారేది కాదు.

ఆయనకేమన్నా హెలికాప్టరుందా, కెమెరాలున్నాయా? ఊరంతా కలిపి ఇరవైమంది మనుషులు. ఆటో మరియదాసు, పూలకొట్టు ఆదెమ్మ, అలాంటివాళ్లు. "వీళ్లే నా కళ్లు" అనేవారు. లేనిపోని తగాదాలొస్తాయని వాళ్ల పేర్లు మాత్రం రేడియోలో చెప్పేవారు కాదు. బెంజ్ సర్కిల్ కన్ను బసవపున్నయ్య. అక్కడ అతనికి టైర్ల కొట్టుంది. మేడెక్కితే దారులన్నీ కనిపిస్తాయి. ఎనిమిదికి పది నిమిషాలుండగా ఫోనొచ్చేది. ఆయనది ఒకటే షరతు.

"చూడకపోతే చూడలేదని చెప్పండి పున్నయ్యగారూ. నేనేమీ అనుకోను."

ఆ ఒక్క ముక్క చెప్పడానికే బసవపున్నయ్యకి నామోషీ అయింది. ఎనిమిదేళ్ల కిందటి మాట. ఆరోజు కొట్టుకి వెళ్లలేదు. పటమటలో ఇంట్లో, పెసరట్టు ముందు కూర్చున్నాడు. ఫోనొచ్చింది. ఇంకా ఇంట్లోనే ఉన్నానంటే బద్ధకస్తుడనుకుంటారేమోనని, అట్టు ముక్క నోట్లో పెట్టుకునే, "క్లియరండీ, ఈగ కూడా లేదు" అనేశాడు. అక్కడ చూస్తే ఏడున్నర నుంచీ లారీ ఒకటి అడ్డంగా చచ్చి పడుంది.

ఆరోజే ఎంట్రన్స్ పరీక్ష. నిమిషం ఆలస్యమైనా గేటు తియ్యరు. పామర్రు నుంచి ఒక రైతు కూతుర్ని కార్లో తీసుకొస్తున్నాడు. తాడిగడప దగ్గర పక్కదారి పడదామా అనుకుంటుండగా, రేడియోలో బెంజ్ సర్కిల్ క్లియర్ అని వచ్చింది. కృష్ణారావుగారు చెప్పాక ఇంకేముంది, నేరుగా వచ్చి ఇరుక్కున్నాడు. పిల్ల నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్లి, గేటు పట్టుకుని ఏడ్చింది. మర్నాడు ఆ తండ్రి రేడియో స్టేషన్ ముందు, పదిమందీ చూస్తుండగా, కృష్ణారావుగారిని చెంప మీద కొట్టాడు. ఎవరు చెప్పార్రా నీకు అని అడిగితే ఆయన, "ఎవరూ కాదండీ, పొరపాటు నాదే" అన్నారట.

ఆ సాయంత్రం ఆయన కొట్టుకొచ్చారు. చెంప ఇంకా కందే ఉంది.

"నిన్న మేడెక్కి చూశారా పున్నయ్యగారూ?"

"చూడకపోవడమేమిటండీ! అప్పుడు క్లియరే. తర్వాత ఆగిందేమో."

"అంతే అయ్యుంటుంది లెండి" అని టీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ అప్పట్నుంచీ ప్రతి పరీక్ష రోజూ స్కూటరేసుకుని ఆయనే వచ్చి బెంజ్ సర్కిల్లో నిలబడేవారు. మన బసవపున్నయ్యకి దాని మీద అలక కూడానూ! నా మాటంటే నమ్మకం లేదా అని పెళ్లాం దగ్గర రుసరుసలాడాడు. సిగ్గుండాలి కదండీ మనిషికి.

ఆ సిగ్గు ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, నెత్తికెక్కి కూర్చుంది. శాలువాలు కప్పడానికి ఎవర్ని పిలిచారో తెలుసా? సింధూరి అనే అమ్మాయినట. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోందట. మైకు పట్టుకుని, "ఎనిమిదేళ్ల కిందట నా పరీక్ష పోయింది. తర్వాతి ఏడాది కృష్ణారావుగారు స్కూటర్ మీద మా కారు ముందు దారి చూపిస్తూ గేటు దాకా వచ్చారు" అంది. హాలంతా చప్పట్లు. బసవపున్నయ్య చేతులు మాత్రం లేవలేదు.

మరియదాసుకి కప్పారు. ఆదెమ్మకి కప్పారు. "ఇప్పుడు మన బెంజ్ సర్కిల్ కన్ను, బసవపున్నయ్యగారు!" అన్నాడు మైకు దగ్గరున్నాయన. ఆ పిల్ల శాలువా విప్పి నవ్వుతూ వస్తోంది. ఎవరికీ తెలీదు. తెలిసిన ఒక్కడూ బూడిదైపోయాడు. నోరు మూసుకుని మెడ వంచితే చాలు, గండం గడిచిపోతుంది.

మెడ వంచాడు కూడా. శాలువా భుజానికి తగిలేసరికి ఒళ్లు మండినట్టయింది. దాని చివర పట్టుకుని ఆపేశాడు.

"నాకొద్దమ్మా" అన్నాడు మెల్లగా. "ఆరోజు క్లియరని చెప్పింది నేనే. మేడెక్కలేదు. ఇంట్లో కూర్చుని చెప్పాను. ఆయన అడిగితే మళ్లీ అబద్ధమాడాను."

సింధూరి నవ్వు ఆగిపోయింది. శాలువా ఇద్దరి చేతుల మధ్యా వేలాడుతోంది. కింద ఫోటోగ్రాఫర్ ఇటు చూడండి సార్ అంటున్నాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నా ఏడాది సంగతి వదిలెయ్యండి" అంది గొంతు తగ్గించి. "మా నాన్నగారు మూడో వరుసలో ఉన్నారు. ఇన్నాళ్లూ కొట్టాల్సినవాణ్ణే కొట్టాననుకుంటున్నారు. మీరే వెళ్లి చెప్పండి. నేను చెప్పలేను."

శాలువా మడిచి చంకలో పెట్టుకుని పక్కకి తప్పుకుంది.

బసవపున్నయ్య మెట్లు దిగాడు. మూడో వరుసలో తెల్ల చొక్కా పెద్దాయన, వేదిక మీది మనిషి తన దగ్గరికే వస్తున్నాడని చూసి గబుక్కున లేచాడు. రెండు చేతులూ జోడించాడు.

"రండి రండి, బసవపున్నయ్యగారూ" అంటూ, పక్క కుర్చీలో పెట్టుకున్న కండువా తీసి చోటిచ్చాడు. "ఆ మహానుభావుడికి కళ్లయ్యారు, మీరు ధన్యులండీ."