కాస్త సీరియస్‌గా ఉందట

గ్రావె అంటే సీరియస్సే కదా, నేను చెప్పినదాంట్లో తప్పేముంది, అని హిమబిందు కూర్మన్నపాలెంలో బస్సెక్కినప్పట్నుంచీ తనతో తనే వాదులాడుకుంటోంది, జ్వరమొస్తే ఎన్ఫెర్మో, ఒంట్లో నలతగా ఉంటే మాలో, ప్రాణం మీదికొస్తే గ్రావె, కాల్ సెంటర్లో స్పానిష్ నేర్పిన నిఖిత మేడమ్ మూడింటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఇవి అక్కచెల్లెళ్ళు, ఒకదాని జడ ఇంకోదానికి వెయ్యకండి అనేది, బాగానే ఉంది, కానీ ఊపిరి ఆగిపోయిన మనిషికి ఈ ముగ్గురిలో ఎవర్ని పంపాలో ఆవిడ చెప్పలేదు, చెప్పడానికి ఏముంది, పోయినవాడి దగ్గరికి ఈ ముగ్గురిలో ఒక్కతీ వెళ్ళదు, అమ్మా టికెట్ ఎక్కడికి, కాన్వెంటా, పాతపోస్టాఫీసా, అని కండక్టరు రెండోసారి అడిగాక గానీ వినబడలేదు, పాతపోస్టాఫీసు అంది, చిల్లర తీసుకోవడం మర్చిపోయింది.

నిన్న మధ్యాహ్నం బొగ్గు ఓడలో నిచ్చెన దిగుతూ జారిపడ్డాడు విల్మెర్, పెరూ దేశంవాడు, ఆసుపత్రికి చేరేలోపే పోయాడు, కెప్టెన్‌కి స్పానిష్ రాదు, విల్మెర్ భార్య యెసేనియాకి స్పానిష్ తప్ప మరోటి రాదు, ఓడల పనులు చూసే ఏజెంటు ఆఫీసు మొత్తానికి ఆ భాష వచ్చింది హిమబిందు ఒక్కదానికే, కాబట్టి ఫోన్ ఆమె చేతిలో పెట్టారు, పెట్టి మేనేజరు వరహాలు గారు, సబ్బవరం మనిషి, నోట్లోంచి గట్టి మాట రాని మనిషి, ఒకేపాలి సెప్పేత్తే గుండాగిపోద్దమ్మా, ముందు కాస్త సీరియస్‌గా ఉందని సెప్పు, కంపినీవోళ్ళు తర్వాత నెమ్మదిగా సెప్పుకుంతారు అన్నారు, అదేం కొత్త సంగతి కాదు, మన వైపు చావు కబురు ఎవరు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు, సీరియస్‌గా ఉంది బయల్దేరి రండి అంటారు, విన్నవాళ్ళు అక్కడే కూలబడతారు, ఇంక అడగరు, అందుకే హిమబిందు రెండో ఆలోచన లేకుండా ఎస్తా గ్రావె అంది, అంతే, ఆ రెండు ముక్కలే, కానీ యెసేనియా కూలబడలేదు, గట్టిగా ఊపిరి తీసుకుంది, బతికే ఉన్నాడు కదా, దేవుడా నీకు దండం, అంది.

ఆ దండం గుర్తొచ్చి హిమబిందు ఫోన్‌ని ఒళ్ళో బోర్లించింది, బస్సు గాజువాక దాటినట్టుంది, ఎవరో ఆడమనిషి చేపల గంప సీటు కింద తోస్తూ కాళ్ళు తియ్యమ్మా అంటే తీసింది, ఒళ్ళో ఫోన్ మళ్ళీ వణికింది, ఇంకో వాయిస్ మెసేజ్, చూడకపోయినా ఎవరిదో తెలుసు, రాత్రంతా వస్తూనే ఉన్నాయి, మొదటిదాంట్లో యెసేనియా, ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టండి, జవాబు చెప్పకపోయినా పర్వాలేదు, వింటాడు, అంది, తర్వాత మెసేజ్‌లన్నీ ఆయనకే, ఇంటి కప్పు కారడం ఆగింది, నీ తమ్ముడు వచ్చి రేకు మార్చాడు, నువ్వు లేచేదాకా నేను మాంసం ముట్టను, ఇలాంటివి, ఓయిర్ అంటే వినబడటం, ఎస్కుచార్ అంటే చెవి పెట్టి వినడం, పరీక్షలో ఈ జంటకి తనకి నూటికి నూరు వచ్చింది, ఆవిడ సరిగ్గా రెండో మాటే వాడింది, వినబడకపోయినా వింటాడు అన్నట్టు, ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది, తనే ఇచ్చింది, చేతులారా ఇచ్చింది.

పెట్టేస్తే పోలా, చచ్చిపోయాడు అని మెసేజ్ రాసి పెట్టేస్తే, మూడు మాటలున్నాయి ఆ భాషలో, మురియో అంటే పోయాడు, మొహం మీద కొట్టినట్టు ఉంటుంది, ఫయెసియో అంటే కన్నుమూశారు, పేపర్లో ఫొటో కింద వేసే మాట, సె ఫ్యూయె అంటే వెళ్ళిపోయాడు, కానీ ఓడ మనిషి పెళ్ళాంతో వెళ్ళిపోయాడు అంటే ఏ రేవుకి అని అడుగుతుంది, ఎస్తా ముయెర్తో అని ఇంకోటుంది, టీ వేడిగా ఉంది, తలుపు తీసి ఉంది, మనిషి చచ్చిపోయి ఉన్నాడు, మూడింటికీ ఒకటే ఎస్తా, మారిపోయే సంగతులకి వాడేది, మరి చావు మారుతుందా మేడమ్ అని క్లాసులో తను అడిగితే అందరూ నవ్వారు, నిఖిత మేడమ్ కూడా నవ్వి, ఆ దేశాలవాళ్ళనే అడుగు అంది, ఇప్పుడు అడగాలా, ఆవిణ్ణి అడగాలా, నిన్న ఫోన్ పెట్టే ముందు యెసేనియా అన్నది లో ఎస్పెరో, ఆయన కోసం ఎదురుచూస్తాను, ఆశ పెట్టుకుంటాను, రెంటికీ వాళ్ళకి అదే మాట, మనకి వేరువేరు, మనవాళ్ళు ఆశ వదిలేసుకుని కూడా శవం కోసం ఎదురుచూడగలరు, ఆవిడకది చాతకాదు, సింధియా, సింధియా దిగేవాళ్ళు ముందుకి రండమ్మా, కొత్త మెసేజ్ వేలు తగిలి దానంతటదే మొదలైంది, ఈసారి చిన్నపిల్ల గొంతు, నాన్నా, అమ్మ నన్ను పడుకోమంటోంది, నేను పడుకోను, నువ్వు వీడియోలో కనబడు, అప్పుడు పడుకుంటాను.

హిమబిందు పాతపోస్టాఫీసు దాకా ఆగలేదు, ఏదో స్టాపులో దిగిపోయి, లారీల దుమ్ములో ఒక గోడ పక్కన నిలబడి అమ్మకి ఫోన్ చేసింది, ఎందుకు చేసిందో తనకే తెలీదు, ఏటే, బాక్సు మర్సిపోనావా, అంది రామలక్ష్మమ్మ, లేదమ్మా, నాన్న పోయినప్పుడు నీకేమని చెప్పారు, అవతల కుక్కర్ కూతేసింది, అమ్మ స్టవ్వు కట్టేసినట్టుంది, ఇప్పుడదెందుకే పొద్దున్నే, చెప్పమ్మా, ఏటి సెప్తారు, నాను సబ్బవరంలో పెళ్ళిలో ఉన్నాను కదా, మీ సింహాద్రి మావయ్య వొచ్చి, అక్కా బావకి గుండి నొప్పంట, కాస్త సీరియస్‌గా ఉందంట, పద, అన్నాడు, నీకు తెలీలేదా, తెలీకపోడవేటి, ఆడు ఆ మాట అన్నప్పుడే తెలిసిపోనాది, మరి తట్టుకున్నావా, ఆటోలో ఎక్కినకాడ్నుంచీ మావయ్య నా సెయ్యి ఒగ్గలేదే, ఇంటికొచ్చీదాకా ఒక్క ముక్క మాటాడ్నేదు, సెయ్యి మాత్రం ఒగ్గలేదు, ఆడు సెప్పింది అబద్ధవే అయినా ఆడు పక్కనున్నాడు, నీకేటైందే, ఏడుస్తన్నావా.

లేదమ్మా అని పెట్టేసింది, ఏడుస్తూనే పెట్టేసింది, మావయ్య ఆ మాట అని పక్కన కూచున్నాడు, తను ఆ మాట అని ఫోన్ కట్ చేసి వరహాలు గారు తెప్పించిన టీ తాగింది, అదీ తేడా, ఇంకేమీ కాదు, గ్రావెకీ సీరియస్‌కీ మధ్య తను పొద్దుట్నుంచీ వెతుకుతున్న తేడా ఇదే, అక్కడ ఇంకా నిన్నటి రాత్రే, ఆ పిల్ల ఇంకా మేలుకునే ఉంటుంది, కంపెనీవాళ్ళు నెమ్మదిగా చెప్పుకునేదాకా ఆ ఇల్లంతా మేలుకునే ఉంటుంది, హిమబిందు నంబరు నొక్కింది, ఒక్క రింగు కూడా పూర్తికాకుండానే యెసేనియా ఎత్తింది, లేచాడా అంది, మీ పక్కన ఎవరున్నారు అని అడిగింది హిమబిందు, చెల్లెలుంది, లోపల పాప దగ్గర, ఎందుకు, ఆవిణ్ణి పిలవండి, వచ్చి మీ పక్కన కూచోమనండి, మీ చెయ్యి పట్టుకోమనండి, ఎందుకని ఆవిడ మళ్ళీ అడగలేదు, పెళ్ళింట్లో అమ్మ అడగనట్టే, చెల్లెల్ని పిలిచింది, ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చారు, కుర్చీ జరిగింది, ఇప్పుడు చెప్పండి, అంది యెసేనియా, మురియో, అంది హిమబిందు, కన్నుమూశారనలేదు, వెళ్ళిపోయాడనలేదు.

ఎప్పుడు, నిన్న, నేను మీకు ఫోన్ చేసే ముందే, ముందే అంటే, ముందే, నేను అబద్ధం చెప్పాను, మరి నా మాటలు, మా పాప మాటలు, ఆయన వినలేదు, నేను విన్నాను, అన్నీ విన్నాను, క్షమించండి, అంది, క్షమించానని ఆవిడ అనలేదు, నువ్వెవరివి వినడానికి, అంది, అని ఏడవడం మొదలుపెట్టింది, చెల్లెలూ ఏడ్చింది, మధ్యలో పాప ఏమైంది ఏమైంది అంటూ లేచొచ్చింది, హిమబిందు గోడకి ఆనుకుంది, బొత్తాం మీద బొటనవేలు ఉంది, నొక్కితే చాలు, లారీల రొద తప్ప ఇంకేమీ వినబడదు, నొక్కలేదు, ఆ ఏడుపు అలా చెవిలో పడుతుంటే మెల్లగా, సిగ్గుతో, ఒక సంగతి తెలిసొచ్చింది, నిన్న తను భయపడింది ఆవిడ గుండె ఆగిపోతుందని కాదు, ఈ ఏడుపు తను వినాల్సొస్తుందని.