ఆర్మిడా వదిలేసిన అచ్చు

బేరి చెట్టు కొయ్యతో చెక్కిన వంటింటి అచ్చును నేను. అరచేతిలో ఇమిడిపోతాను. ఇటలీ దేశంలో, లిగూరియా కొండల మీద వాల్మోరా అనే చిన్న ఊళ్ళో పుట్టాను. ఇప్పుడు సముద్రం పక్కన ఒక పట్నంలో, హోటల్ గల్లాపెట్టె పైన అద్దాల పెట్టెలో కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు నాకు ఫొటోలు తీస్తారు. గౌరవమే అనుకోవాలి. పిండి తగలక మాత్రం చాలాకాలమైంది.

మా కొండల్లో పండగంటే కొర్జెత్తి ఉండాల్సిందే. గోధుమపిండిలో కాస్త చెస్ట్‌నట్ పిండి కలిపి, పల్చగా వత్తి, బిళ్ళలుగా కోసి, ఒక్కో బిళ్ళ మీద నాలాంటి అచ్చుతో ఇంటి గుర్తు వేసి ఉడికిస్తారు. అక్రోటు పప్పు, మరువం రోట్లో నూరి, మేకపాల మీగడ కలిపి పైన వేస్తారు. అచ్చు గీతల్లో ఆ ముద్ద పట్టి నిలుస్తుంది. అంటే నేనున్నది అందానికి మాత్రమే కాదు, రుచికి కూడా. ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిదే. పక్కింటి కోడిని పట్టుకుపోయినవాణ్ణి మా ఊరు నాలుగు రోజుల్లో క్షమించేది. పక్కింటి గుర్తు వాడుకున్నవాణ్ణి మాత్రం క్షమించేది కాదు.

నన్ను చెక్కింది సెరఫీనో అనే ముసలాయన, ఇద్దరు ఆడపిల్లల తల్లి కోసం. నా మీది గుర్తు ఇది: ముళ్ళ తొడుగు విచ్చుకుని, లోపల పక్కపక్కనే రెండు చెస్ట్‌నట్ కాయలు.

"ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చెక్కు బాబాయ్, నా పిల్లల్లాగే" అందామె.

ఆయన చెక్కి ఇస్తూ నవ్వాడు. "చిన్నది కొంచెం ముందుకు తోసుకొచ్చిందమ్మా. కొయ్య పొర అలా ఉంది, ఏం చెయ్యను?"

పెద్దమ్మాయి ఆర్మిడా. చిన్నది ఓర్సొలా. తల్లి తొందరగానే పోయింది. అప్పటినుంచి ఆర్మిడాయే తల్లయింది. మేకల్ని కాసింది, పొగగదిలో చెస్ట్‌నట్లు ఎండబెట్టింది, చెల్లెలి జడ వేసింది, పెళ్ళి చేసి పట్నం పంపింది. తను పెళ్ళి ఊసే ఎత్తలేదు. ఆమె చేతిలో నేను ఎన్ని వేల బిళ్ళలు నొక్కానో! ఆమె అరచేతి గుంట నా పిడికి సరిగ్గా సరిపోయేది. లోకంలో నాకంటూ ఒక చోటుందని ఆ చేతిలో ఉన్నంతకాలం నమ్మాను.

ఓర్సొలా, ఆమె భర్త పట్నంలో హోటల్ పెట్టారు. ఒకప్పుడు కొండ తిండిని చూసి మొహం తిప్పుకున్న పట్నవాసులకు ఉన్నట్టుండి దాని మీద మోజు పుట్టింది. ఆ చలికాలం ఓర్సొలా ఊరికొచ్చింది.

"అక్కా, మా అత్తగారి వాళ్ళకి విందు ఇస్తున్నాం. మన అచ్చుతో చేసిపెడదామని. అయిపోగానే తెచ్చిచ్చేస్తా."

"దానికి అడగాలటే? అది నీది కూడాను" అంది ఆర్మిడా. అమ్మ కట్టుకున్న వంట గుడ్డలో నన్ను చుట్టి ఇచ్చింది.

విందు నిజంగానే జరిగింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఓర్సొలా భర్త నన్ను ఒక కార్ఖానాకి తీసుకెళ్ళాడు. యంత్రం మీద పెట్టి నా పోలికతోనే ఇంకొకదాన్ని తీయించాడు, గీతలు మాత్రం నా అంత లోతుగా దిగలేదు. పాతదిలా కనబడాలని దాన్ని కాఫీ డికాక్షన్‌లో నానబెట్టారు. మనుషులు ముసలితనాన్ని దాచుకోవడమే ఎరుగుదును. దాన్ని తయారుచేయడం అప్పుడే చూశాను.

"మీ అక్క కనిపెట్టేస్తే?" అన్నాడతను.

"చూపు ఆనడం లేదు అక్కకి. కనిపెట్టదు" అంది ఓర్సొలా. అని, ఆ నకిలీ అచ్చుని అమ్మ వంట గుడ్డలో చుట్టింది. అది కొండెక్కి ఆర్మిడా ఇంటికి వెళ్ళిపోయింది. నేను అద్దాల పెట్టెలోకి వచ్చాను. నా కింద ఒక అట్ట పెట్టారు: 'ఓర్సొలా గారి అమ్మమ్మ స్వహస్తాలతో చెక్కుకున్న అచ్చు'. ఆ అమ్మమ్మ జన్మలో ఉలి పట్టలేదు. సెరఫీనో పేరు పోయింది. ఆర్మిడా పేరు అసలు లేనేలేదు.

వసంతం రాగానే ఆర్మిడా వచ్చింది. మధ్యాహ్నం, హోటల్ నిండా జనం. ఆమె చేతిలో ఎండు మరువం కట్ట ఉంది. మూలబల్ల దగ్గర కూర్చుని కొర్జెత్తి తెమ్మంది. ఓర్సొలా చూసి పరుగున వచ్చింది.

"చెప్పకుండా వచ్చావేంటక్కా?" అంది గొంతు తగ్గించి.

"ఇంట్లో చేస్తే అక్రోటు ముద్ద జారిపోతోందే. గీతల్లో పట్టడం లేదు. ఎందుకా అని వచ్చాను."

పక్కబల్ల ఆయన ఆ మరువం కట్ట చూసి, ఈవిడెవరని అడిగాడు.

"మా ఊరి ఆవిడండీ" అంది ఓర్సొలా. "మాకు మరువం తెచ్చి ఇస్తుంటుంది."

ఆర్మిడా తల ఎత్తలేదు. పళ్ళెంలోవన్నీ నిదానంగా తిన్నది. లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఈ పెట్టె తియ్యి."

ఓర్సొలా తాళం తీసింది. ఆర్మిడా నన్ను చేతిలోకి తీసుకుంది. అదే గుంట, అదే వెచ్చదనం. ఇక ఇంటికే అనుకున్నాను.

"అడిగుంటే ఇచ్చేదాన్ని కదే" అంది.

"తీసుకెళ్ళక్కా, తీసుకెళ్ళు. మెల్లిగా మాట్లాడు, అందరూ వింటున్నారు."

ఆర్మిడా చెల్లెలి మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏదో ఒక మాట కోసం. ఓర్సొలా బల్లల వైపు చూస్తోంది. ఆ మాట రాలేదు.

"ఉంచుకో" అంది ఆర్మిడా. "నేను దీనికోసం రాలేదు."

నన్ను పెట్టెలో పెట్టేసి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఓర్సొలా నన్ను దొంగిలించింది. అది ఎలాగో ఓర్చుకున్నాను. చేతిలోకి తీసుకుని కూడా వదిలేసింది ఆర్మిడా. ఆమె పౌరుషం ఆమెకు దక్కింది. నాకేం దక్కింది? ఇద్దరు మనుషుల మధ్య లెక్క తేలేటప్పుడు వస్తువుని ఎవరూ అడగరు.

ఎండలు ముదిరాక, మా ఊరి నుంచి జున్ను తెచ్చే ప్రీమో హోటల్‌కి వచ్చాడు. బుట్ట దించుతూ ఊరి కబుర్లు చెప్పాడు.

"మీ అక్క అచ్చు మానేసిందమ్మా. ఆ ఉన్నదాన్ని పొయ్యిలో పడేసిందట. ఇప్పుడు బిళ్ళని బొటనవేలితో నొక్కుతోంది. ఆ గుంటలో ముద్ద బలే నిలుస్తోంది. ఊళ్ళో అందరూ అలాగే మొదలెట్టారు."

"నా గురించేమైనా అడిగిందా ప్రీమో?"

అతను ఖాళీ బుట్ట భుజానికి ఎత్తుకున్నాడు. "లేదమ్మా."

మర్నాడు ఒక కొత్తజంట గల్లాపెట్టె ముందు ఆగి, ఆ అట్ట చదివి ముచ్చటపడ్డారు. "నిజంగా మీ అమ్మమ్మే చెక్కిందా అండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఓర్సొలా నోరు తెరిచింది. నావైపు చూసింది. చిల్లర వాళ్ళ చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.