కవరు వెనక సంతకం

"సంతకమే కదా వెల్డా, నేనేమైనా నీ కిడ్నీ అడిగానా?" అన్నాడు మా ఆయన డెల్మార్.

నేను ఆపిల్ పళ్ళ చెక్కు తీస్తున్నాను. సాయంత్రం కమిటీ వాళ్ళు వస్తారు, ఆపిల్ ముక్కలు పిండిలో పొదిగి కాల్చే 'ఆపిల్ పైలు' రెండు కావాలి. కౌంటీ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని పిండి అంటకుండా పంచదార డబ్బాకి ఆనించి నా ఎదురుగా నిలబెట్టాడు, చూసి బుద్ధి తెచ్చుకోమన్నట్టు. నేను దాన్ని అప్పటికే నాలుగుసార్లు చదివాను. నాకదో జబ్బు. కాగితం కనబడితే చివరిదాకా చదవాలి, మందుసీసా వెనక చీమతలంత అక్షరాలైనా సరే. మీ ఓటు కవరు మీది సంతకం మా దగ్గరున్న మీ సంతకంతో కలవడం లేదు, మీరే వచ్చి సరిచేసుకోండి, లేకపోతే మీ ఓటు లెక్కలోకి రాదు, అని ఉంది అందులో.

కలవకపోవడంలో వింతేమీ లేదు. ఆ సంతకం డెల్మార్ చేశాడు.

మా ఆరిగన్ రాష్ట్రంలో ఓటు వెయ్యడానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. కాగితం పోస్టులో ఇంటికే వస్తుంది. వంటింటి బల్ల మీద గడులు నింపి, కవరులో పెట్టి, వెనక సంతకం చేసి, కోర్టు ముందున్న డబ్బాలో వేసి వస్తాం. మా ఇంట్లో రెండు కాగితాలూ డెల్మార్ తన ముందే పెట్టుకుంటాడు. తనది నింపి, అదే కలంతో నాదీ నింపుతాడు. "నువ్వెలాగూ నన్నే అడుగుతావు. మధ్యలో నీకెందుకు శ్రమ?" అంటాడు. నేను సంతకం పెడతాను. పాతికేళ్ళుగా ఇంతే. ఒక్కసారీ నేను కాదనలేదు, అది దాచి మిగతాదంతా చెప్పుకోవడం న్యాయం కాదు. అంతకుముందు ఊరి బడిలో తెర వెనక నిలబడి ఓటేసేవాళ్ళం. ఆ తెర వెనక రెండు నిమిషాలు నేనొక్కదాన్నే ఉండేదాన్ని. పిల్లలు గౌను లాగేవారు కారు, అన్నం ఎప్పుడని అడిగేవారు కారు. తెర తీసేసినప్పుడు ఊరంతా హాయి అంది. నాకు మాత్రం ఎవరినో సాగనంపి వచ్చినట్టనిపించింది.

ఈసారి కాగితాలు వచ్చిన వారంలో మా అక్క నియోమా పోయింది. పక్క రాష్ట్రం ఇడాహో వెళ్ళి దాన్ని మట్టిలో పెట్టి, దాని బట్టలు మడిచి పెట్టెలకెత్తి, తొమ్మిదో రోజున తిరిగొచ్చాను. నా ఓటు కాగితం ఏదీ అన్నాను. "వేసేశాగా, నీకు తలనొప్పి వదిలింది," అన్నాడు. మరి సంతకం? "యాభై ఏడేళ్ళుగా చూస్తున్నా, నీ సంతకం నాకు రాదా?" అని నవ్వాడు. దయగానే నవ్వాడు. ఆ దయ ముందు ఏమనాలో నాకెప్పుడూ తెలియలేదు.

ఓటు దేని మీదంటే, మా ఊరి నడిబొడ్డున ఉన్న నాలుగు వీధుల మీద. సగం దుకాణాలకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. మందుల షాపు మూతపడి పదేళ్ళు. వాటిని బాగుచేయడానికి పన్ను సొమ్ము వాడుకుంటాం, సరేనా అని ఊరిని అడగాలి. ఆ కమిటీకి డెల్మార్ పెద్ద. జనానికి అర్థమయ్యేలా రాయడం కమిటీలో ఎవరివల్లా కాలేదు. అంకెలూ, సెక్షన్లూ పెట్టి నాలుగు పేజీలు తెచ్చారు. నేను పళ్ళేలు కడిగి వచ్చి ఒక చీటీ మీద రాసిచ్చాను: 'ఇది కొత్త పన్ను కాదు. మన ఇళ్ళ విలువ పెరిగితే పెరిగే పన్నులోంచి కొంత, ఇరవై ఏళ్ళపాటు, ఈ నాలుగు వీధులకే ఖర్చవుతుంది. మనం పుట్టిన చోట దీపం వెలిగించడానికి మనం ఇచ్చే మాట.' కరపత్రంలో ఉన్నదీ అదే, డెల్మార్ సభలో చదివిందీ అదే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "మా ఆవిడ ఆపిల్ పై చేసింది, తినకుండా ఎవరూ వెళ్ళకండి," అన్నాడు చివర్లో. దానికీ చప్పట్లు కొట్టారు.

నేనూ ఒకటి అడిగాను. వసంతంలో, కమిటీ వాళ్ళకి కాఫీ పోస్తూ అడిగాను. ఒకప్పుడు కోర్టు కింద నేలమాళిగలో ఆడవాళ్ళ కోసం ఒక గది ఉండేది. శనివారం మగవాళ్ళు గోధుమలు అమ్ముకుని, బేరాలాడుకుని వచ్చేదాకా పొలాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు అక్కడ కూర్చునేవారు. వెచ్చగా ఉండేది. మరుగుదొడ్డి ఉండేది. ఒక అరలో ఎవరెవరో వదిలేసిన పుస్తకాలు ఉండేవి. అమ్మ వెళ్ళిపోయాక చిన్నవాళ్ళని చూసుకోవడానికి పన్నెండేళ్ళకే నా బడి మాన్పించారు. ఆ తర్వాత నేను చదివిందంతా ఆ గదిలోనే. కిటికీ రోడ్డుకి సమానంగా ఉండేది, బస్సెక్కేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించేవి. "ఆదివారానికల్లా వచ్చేస్తా," అని వెళ్ళిన అమ్మ అక్కడే ఎక్కింది. ఏడేళ్ళ తర్వాత నియోమా ఎర్ర జోళ్ళు కూడా ఆ మెట్టు మీదే ఒక్క క్షణం ఆగి, ఎక్కేశాయి. బయటికి పరుగెత్తి ఉంటే మొహం చూసేదాన్ని. చేతిలో పుస్తకం పట్టుకుని అలాగే కూర్చున్నాను.

అలాంటి గది ఒకటి పెట్టండి, కూర్చునేందుకు, అన్నాను.

"బస్సు రావడం మానేసి ముప్పై ఏళ్ళయింది వెల్డా. ఎవరి కోసం కూర్చుంటారు?" అన్నాడు బ్యాంకు గేలెన్.

"మా ఆవిడ సంగతి నీకు తెలీదు. ఊళ్ళో స్టేషనే లేకపోయినా రైలు తప్పిపోతుందేమోనని భయం దానికి," అన్నాడు డెల్మార్.

అందరూ నవ్వారు. కాఫీ ఒలకకుండా పొయ్యాలి కాబట్టి నేనూ నవ్వాను. నక్షాలో ఫౌంటెను వచ్చింది, గడియారం వచ్చింది. గది రాలేదు. అయినా ఆ వీధుల్లో మళ్ళీ దీపాలు చూడాలని నాకుంది. నా చేతికి కాగితం వచ్చి ఉంటే సరే అనే వేసేదాన్ని. నాకు మింగుడు పడనిది అదే.

లెక్కపెడితే సరే అన్నవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ సమానంగా వచ్చారు. సమానమైతే ఓడిపోయినట్టే. సంతకాలు తేడా వచ్చిన కవర్లలో అందరివీ తేలిపోయాయి, నాది తప్ప.

"చెయ్యి వణికిందని చెప్పు. అబద్ధమేం కాదుగా, వణుకుతుందిగా," అన్నాడు డెల్మార్. "ఇంత కష్టపడి రాసింది నువ్వే. ఇప్పుడు నీ పంతానికి ఊరు చెక్కలు కొట్టుకుని కూర్చోవాలా?"

రాసింది నువ్వే, అని అతను మొదటిసారి అనడం అప్పుడే. అది కూడా నా సంతకం కోసం.

ఆపిల్ పైలు పొయ్యిలో పెట్టి కోటు వేసుకున్నాను. "నలభై నిమిషాలకి తియ్యి," అన్నాను.

"అయిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"యాభై ఏడేళ్ళుగా చూస్తున్నావుగా," అన్నాను. అతను నవ్వలేదు.

అలవాటు ప్రకారం పొయ్యి మంట చూడ్డానికి ఒకసారి వెనక్కొచ్చాను, తలుపు చూడ్డానికి ఇంకోసారి. దారిలో పోస్టాఫీసు దగ్గర ఆగి ఒక పని చూసుకుని, కోర్టు భవనంలో ఉన్న కౌంటీ ఆఫీసుకి నడిచాను. కౌంటర్లో మరిసోల్ అని ఒక చిన్నమ్మాయి. నా కవరు నకలు తీసి ముందు పెట్టింది. 'వెల్డా స్ట్రౌడ్' అని నిటారుగా, ఒక్క గీతా తొణక్కుండా ఉంది. ఎంత బాగుందో. నా పేరు నేనెప్పుడూ అంత ధైర్యంగా రాయలేదు.

"పెద్దవాళ్ళకి చెయ్యి మారుతుంటుందండీ. మీదే అయితే ఇక్కడ సంతకం చేస్తే చాలు," అంది.

పైన రాసింది చదివాను. 'కవరు మీది సంతకం నాదే. ఈ ఓటు వేసింది నేనే.' రెండే వాక్యాలు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నలభై నిమిషాలు దాటిపోయే ఉంటాయి.

"చెయ్యకపోతే?"

"గడువు అయ్యాక పక్కన పెట్టేస్తాం. చాలామంది రానే రారు." ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పకూడదు గానీ, ఊరంతా ఈ ఒక్క కవరు కోసమే చూస్తోందండీ."

"తెలుసు తల్లీ. ఆ కరపత్రం రాసింది నేనే."

సంతకం చెయ్యకుండానే కాగితాన్ని మెల్లగా ఆ పిల్లవైపు జరిపాను. కిటికీలోంచి నాలుగు వీధులూ కనిపిస్తున్నాయి, చెక్కలు కొట్టిన మందుల షాపూ, దానికెదురుగా, కోర్టు పక్కన, ఒకప్పుడు బస్సు ఆగిన చోటూ. దీపాలు వెలిగితే చూద్దామనుకున్నాను. ఎవరినో మళ్ళీ ఎక్కించి పంపేస్తున్నట్టే ఉంది. కానీ ఈసారి నేను నేలమాళిగలో లేను, మొహం చూస్తూనే ఉన్నాను.

"సంతకం మార్చుకునే కాగితం ఒకటుంటుందిగా, అదివ్వు," అన్నాను.

ఇచ్చింది. రాశాను. పేరులో మొదటి అక్షరం గడి దాటిపోయింది, చివరిది కిందికి జారింది.

"వణికింది. ఫర్వాలేదా?"

"మీదైతే చాలండి," అంది మరిసోల్. "ఇకమీదట ఓటు కాగితం ఎక్కడికి పంపమంటారు? ఇంటికేగా?"

కోటు జేబులో చెయ్యి పెట్టాను. ఇందాక పోస్టాఫీసులో నా ఒక్కదాని పేర తీసుకున్న ఉత్తరాల పెట్టె చిన్న తాళంచెవి వేళ్ళకి చల్లగా తగిలింది.

"కాదు," అన్నాను. "నాకు."